నీడ పొట్టిబడేలోపు: వేసవి శిబిరం ప్రశ్నలు – జవాబులు

ఎండాకాలం సెలవుల్లో పిల్లల కోసం పగటి శిబిరాలు నడిపేవాళ్లు, తల్లిదండ్రులు పంపిన ప్రశ్నల్లో కొన్నింటికి ఈ సంచికలో జవాబులిస్తున్నాం. ఒకే సంగతి అడిగిన ఉత్తరాలను కలిపేశాం.

ప్రశ్న: మే నెలలో పది రోజులు శిబిరం పెడుతున్నాం. 8 నుంచి 12 ఏళ్ల పిల్లలు 30 మంది. ఉదయం 9 నుంచి మధ్యాహ్నం 1 దాకా అనుకున్నాం. అందులో రెండు గంటలు బయట చెట్లు, పిట్టలు చూపించాలని ఉంది. ఎలా సర్దుకోవాలి? – ఒక ఉపాధ్యాయురాలు, హనుమకొండ

జవాబు: అన్నిటికంటే ముందు టైం మార్చండి. తొమ్మిదికి మొదలుపెడితే బయట చేయగలిగింది ఏమీ ఉండదు. మే నడుమ మన దగ్గర 5:40 ప్రాంతంలో పొద్దు పొడుస్తుంది. 9 అయ్యేసరికి మనిషి నీడ మనిషి ఎత్తుకు సమానమవుతుంది, ఆ తర్వాత పొట్టిబడుతూ పోతుంది. పిల్లలకు మొదటి రోజే ఈ ఒక్క నియమం నేర్పండి: 'నీడ నాకంటే పొట్టిదైతే నేను లోపలికి.' గడియారం అక్కర్లేదు, ఎవరికి వాళ్లే చూసుకుంటారు. కాబట్టి 6 నుంచి 8:30 దాకా బయట, తర్వాత 11 దాకా లోపల బొమ్మలు వేయడం, రాసుకోవడం, కథలు. 11 దాటాక పిల్లల్ని ఇంటికి నడిపించకండి, తల్లిదండ్రులనే వచ్చి తీసుకెళ్లమనండి. రోహిణి కార్తె మే 25 ప్రాంతంలో మొదలవుతుంది. రోహిణి ఎండలకు రోళ్లు పగులుతాయని పెద్దలు ఊరికే అనలేదు. శిబిరం అంతకు ముందే ముగిసేలా తేదీలు పెట్టుకోండి.

ముప్పై మందిని ఆరుగురేసి ఐదు జట్లు చేయండి. జట్టుకో పెద్దవాళ్లు ఉండాలి, డిగ్రీ చదివే పిల్లలైనా సరే. దారిలో ఒకరు ముందు, ఒకరు అందరికంటే వెనక నడవాలి. మందుల సంచి వెనక నడిచేవారి భుజానికే ఉండాలి, ఎందుకంటే కింద పడేది, వెనకబడేది ఎప్పుడూ చివరి పిల్లలే.

నీళ్ల విషయంలో 'దాహమైతే తాగండి' అంటే కుదరదు. ఆటలో పడితే పిల్లలకు దాహం గుర్తుండదు. 20 నిమిషాలకోసారి ఈల వేసి అందరూ ఒకేసారి తాగేలా చూడండి. ఒక్కో పిల్లకు ఐదారు గుక్కలు, అంటే 100 నుంచి 150 మి.లీ. తలా ఒక లీటరు సీసా ఇంటి నుంచి నింపుకొని రావాలి. ఎనిమిదిన్నరకు ఉప్పేసిన చల్ల ఒక గ్లాసు, గుప్పెడు పుట్నాలు, బెల్లం ముక్క ఇవ్వండి. ఓఆర్‌ఎస్ పొడి కలిపేటప్పుడు ఒక తప్పు తరచుగా జరుగుతుంది: లీటరు నీళ్లకు కలపాల్సిన ప్యాకెట్‌ను పిల్లవాడి అర లీటరు సీసాలో పోసేస్తారు. అంత చిక్కటి ద్రావణం మేలుకు బదులు కీడు చేస్తుంది. ప్యాకెట్ మీద ఎన్ని నీళ్లని ఉందో అన్నే పోయాలి.

పిల్లలెవరైనా తలనొప్పి, వికారం, కళ్లు తిరుగుతున్నాయి అంటే వెంటనే నీడకు తెచ్చి, గుండీలు వదులు చేసి, మెడ, చంకల్లో తడిబట్ట పెట్టి విసరండి. మాట తడబడినా, పిలిస్తే సరిగా పలకకపోయినా అది వడదెబ్బే. 108కి ఫోన్ చేయండి, బండి వచ్చేదాకా చల్లబరుస్తూనే ఉండండి, నోట్లో మాత్రం చుక్క నీళ్లు పోయొద్దు.

ఇక పది రోజులకు పది చోట్లు తిప్పకండి. ఒక చెట్టు, ఒక చెరువు ఒడ్డు చాలు. ఎందుకో కింది జవాబులో చూడండి.

ప్రశ్న: రోజూ అదే చెట్టు దగ్గరికి తీసుకెళ్తే పిల్లలకు విసుగు రాదా? అక్కడ చేయించడానికి ఏముంటుంది? – కాజీపేట

జవాబు: ఒక్కరోజు చూసిన చెట్టు పిల్లలకు వట్టి పచ్చరంగు. మూడోరోజు నుంచి అందులో తేడాలు కనబడతాయి. విసుగు వచ్చేది చూడాల్సిందేమిటో చెప్పకుండా 'పరిశీలించండి' అని వదిలేసినప్పుడే.

మన వీధుల్లో దీనికి కానుగను మించింది లేదు. చల్లటి నీడ, చేతికందే కొమ్మలు, ఎండాకాలంలోనే కొత్త ఆకు, పూత. మొదటి రోజు ప్రతి పిల్లా ఒక రెమ్మ ఎంచుకొని రంగు ఊలు దారం వదులుగా కట్టాలి. బిగిస్తే రెమ్మ దెబ్బతింటుంది. ఆ రెమ్మ మీది ఆకులు ఎన్ని, ఒక్కో ఈనెకు చిట్టాకులు ఎన్ని, లేతవి ఏ రంగు, పురుగు కొరికినవి ఎన్ని అన్నది రోజూ నోటుబుక్కులో ఒకే పేజీలో రాయాలి. నాలుగో రోజుకు 'నా రెమ్మ' అనడం మొదలవుతుంది.

రెండో రోజు ముదురాకులు చూపించండి. కానుగాకు మీద ఆకుపచ్చటి చిన్న చిన్న కాయల్లాంటివి, వేలి కొసల్లా పొడుచుకొచ్చి ఉంటాయి. పిల్లలు వాటిని కాయలనో గుడ్లనో అనుకుంటారు. నిజానికవి ఆకు కట్టిన గూళ్లు. కంటికి కనబడనంత చిన్న నల్లి, మిల్లీమీటరులో ఐదోవంతు ఉండేది, లేతాకును గీరి రసం పీలిస్తే ఆ చోట ఆకే ఉబ్బి, మూసుకుని, లోపల ఆ నల్లికి ఇల్లవుతుంది. ఒకదాన్ని పెద్దవాళ్లు బ్లేడుతో నిలువునా కోసి చూపాలి. లోపల బోలుగా, నూగు వెంట్రుకలతో ఉంటుంది. పదింతలు పెద్దదిగా చూపే చేతి అద్దంతో నల్లి దొరకడం కష్టం, వెంట్రుకలు మాత్రం స్పష్టంగా కనబడతాయి. ఈ సంగతి ముందే చెప్పండి, లేకపోతే పురుగు కనబడలేదని నిరుత్సాహపడతారు. తర్వాత ఒక్కో జట్టు వంద ఆకులు లెక్కపెట్టి ఎన్నింటికి గూళ్లున్నాయో చూడాలి. కిందికొమ్మ, పైకొమ్మ, రోడ్డువైపు కొమ్మ విడివిడిగా లెక్కిస్తే మొదటి లెక్కల పాఠం కూడా అయిపోతుంది.

మూడో రోజు తెల్లబట్ట. పాత తెల్ల దుప్పటిని కొమ్మ కింద నలుగురు నాలుగు చెంగులు పట్టుకోవాలి. ఒకరు కర్రతో కొమ్మను మూడుసార్లు తట్టాలి, ఎక్కువ కొడితే రాలేవి ఆకులే. సాలీళ్లు, పెంకు పురుగులు, గొంగళ్లు బట్ట మీద పడతాయి. రెండు నిమిషాల్లో లెక్కపెట్టి చెట్టు కిందే దులిపేయాలి. గొంగళిని వేలితో ముట్టొద్దు, దాని వెంట్రుకలు దద్దుర్లు తెస్తాయి. కర్ర ఎత్తే ముందు పెద్దవాళ్లు చెట్టంతా కలియజూడాలి: ఆకులు కుట్టి కట్టిన ఎర్రచీమల గూడు ఉంటే ఆ కొమ్మ వదిలేయండి, తేనెపట్టు ఉంటే ఆ చెట్టునే వదిలేయండి.

బెరడు అచ్చు తీయాలంటే కానుగ పనికిరాదు, దాని బెరడు నునుపు. వేప, తుమ్మ మంచివి. పల్చటి కాగితం పెట్టి, మైనపు రంగుబిళ్లను పడుకోబెట్టి రుద్దాలి. మొనతో రుద్దితే కాగితం చిరుగుతుంది.

చెట్టు ఎత్తు కొలవడానికి పైన చెప్పిన నీడ నియమమే పనికొస్తుంది. పిల్లవాడి నీడ అతని ఎత్తుకు సమానమైన నిమిషంలో చెట్టు నీడ పొడవే చెట్టు ఎత్తు. మీటర్లు గుర్తుపెట్టిన తాడుతో కొలిస్తే చాలు. అయితే కానుగ, మర్రి లాంటి గుబురు చెట్లకు నీడ చివర పడేది కొన నీడ కాదు, పక్కకు పాకిన కొమ్మది కావచ్చు, లెక్క తప్పుతుంది. నిటారుగా ఉండే తాటిచెట్టు దగ్గర చేయండి. నేల చదునుగా ఉండాలి, చెరువు కట్ట వాలు మీద కుదరదు.

ప్రశ్న: నీడ మాయమయ్యే రోజు అంటారు కదా, మన జిల్లాల్లో ఎప్పుడు? ఆ ఎండలో పిల్లలతో చేయించవచ్చా? – కరీంనగర్

జవాబు: తప్పకుండా చేయించండి, అది సరిగ్గా శిబిరాల రోజుల్లోనే వస్తుంది. వరంగల్ 18 డిగ్రీల ఉత్తర అక్షాంశానికి దగ్గరగా ఉంది. సూర్యుడు ఉత్తరానికి జరుగుతూ మే 11, 12 తేదీల్లో వరంగల్ నడినెత్తికి వస్తాడు, కరీంనగర్‌లో మే 13, 14. వరంగల్‌లో 12:08, కరీంనగర్‌లో 12:10 ప్రాంతంలో నీడ పూర్తిగా కాళ్ల కిందికి పోతుంది. జులై చివర మళ్లీ వస్తుంది కానీ అప్పుడు మబ్బులే ఎక్కువ. ఒకరోజు అటూ ఇటూ అయినా ఫర్వాలేదు. 30 సెం.మీ. వస్తువుకు నీడ తేడా ఒకటి రెండు మిల్లీమీటర్లే.

పిల్లలు వరండా నీడలోనే కూర్చోవాలి. ఎండలో ఉండాల్సింది ఒక స్టూలు, దాని మీద బోర్లించిన స్టీలు గ్లాసు. గ్లాసు కింద వెడల్పు, పైన సన్నం ఉన్నదైతే నీడ ముందే మాయమై మోసం చేస్తుంది, కాబట్టి పైనా కిందా ఒకే వెడల్పున్న గొట్టం ముక్క ఇంకా మంచిది. స్టూలు సమంగా ఉందో లేదో పళ్లెంలో నీళ్లు పోసి చూడండి. 11:50 నుంచి ఐదు నిమిషాలకోసారి పెద్దవాళ్లు నీడ కొసకు పెన్సిల్ గుర్తు పెట్టాలి. ఈ తేదీల తర్వాత మధ్యాహ్నపు నీడ దక్షిణం వైపు పడుతుంది. 'సూర్యుడు ఎప్పుడూ దక్షిణానే ఉంటాడు' అని పాఠంలో చదివిన పిల్లలకు ఇది కళ్లముందు కనబడాలి.

ప్రశ్న: పోయినేడు పిల్లలతో ఐదు వందల విత్తన బంతులు చేయించాం. గుట్ట మీద విసిరాం. ఒక్కటీ మొలవలేదు. తప్పెక్కడ? – జనగామ

జవాబు: మీ ఉత్తరంలో మూడు సంగతులున్నాయి: నల్లరేగడి మట్టి, వేప గింజలు, మే నెలలోనే విసిరేయడం. మూడూ ఇబ్బందే.

నల్లరేగడి తడిస్తే ఉబ్బి, ఆరితే పగులుతుంది. బంతి ముక్కలై గింజ బయటపడితే చీమలు, ఎలుకలు వదలవు. వట్టి చెలక మట్టిలో ఇసుక ఎక్కువ, ఆరాక పొడిగా రాలిపోతుంది. ఎర్రమట్టికి కాస్త చెరువు మట్టి కలపండి. పెన్సిల్ లావున చుట్టి వేలికి చుడితే విరగకుండా ఉంటే సరైన మట్టి. ఇలాంటి మట్టి 3 కిలోలకు బాగా చివికిన పశువుల ఎరువు 1 కిలో. పచ్చిపేడ వద్దు, అది కుళ్లుతూ వేడెక్కి, బూజు పట్టి గింజను చంపుతుంది. నీళ్లు అర లీటరుతో మొదలుపెట్టి కొంచెం కొంచెం పోయండి, పిండి చపాతీ ముద్దలా రావాలి, చేతికి అంటకూడదు. దీంతో పెద్ద ఉసిరికాయంత బంతులు సుమారు నూరు వస్తాయి. చింతగింజైతే ఒకటి, చిన్న గింజలైతే రెండు మూడు.

వేప పండు మన దగ్గర జూన్‌లో పండుతుంది. దాని గింజకు మొలిచే శక్తి కొన్ని వారాలే. కాబట్టి మేలో మీ చేతిలో ఉన్నవి పోయినేటి గింజలు, అవి అప్పటికే చచ్చిపోయాయి. మేలో చింత, కానుగ, రేల, తంగేడు వాడండి. చింత, కానుగ అలాగే మొలుస్తాయి. రేల, తంగేడు గింజల పెంకు నీళ్లను రానివ్వదు. గరుకు కాగితం మీద ఒక పక్క, కన్ను లేని వైపు, లోపలి రంగు కనబడేదాకా రుద్దాలి. ఇది పిల్లలకు చక్కటి ప్రయోగం: రుద్దిన రేల గింజలు పది, రుద్దనివి పది, రెండు గ్లాసుల్లో రాత్రంతా నానబెట్టండి. తెల్లారి రుద్దినవి ఉబ్బి ఉంటాయి, రుద్దనివి చాలావరకు నిన్నటిలాగే గట్టిగా ఉంటాయి.

బంతిలో పెట్టే గింజను మాత్రం నానబెట్టొద్దు. నానిన గింజ బంతిలోనే మొలకెత్తడం మొదలుపెట్టి, బంతి ఆరగానే ఎండిపోతుంది. అందుకే బంతులు కూడా నీడలో, గాలి ఆడేచోట, ఒకటి రెండు రోజుల్లో ఆరాలి. ఎండలో పెడితే పైన పగిలి లోపల తడి ఉండిపోతుంది. ఆరాక నడుం ఎత్తు నుంచి వదిలితే పగలకూడదు. గోనెసంచిలో దాచండి, ప్లాస్టిక్ కవర్‌లో చెమ్మపడతాయి.

విసరడం మృగశిర దాటాక, నేల తడిసేలా రెండు వానలు పడ్డాకే. అసలు విసరడం కంటే పొదల అంచున, మేకలకు అందని చోట సగం లోతు నొక్కి పెట్టడం మంచిది. గట్టి బోడినేల మీద పడ్డ బంతిలో మొలక వచ్చినా వేరు దిగదు. శిబిరం అయిపోతుంది కదా అని తొందరపడకండి, బంతులు పిల్లల చేతికిచ్చి ఇళ్లకు పంపండి. ఓ పది మాత్రం శిబిరం ఆవరణలో నాటి రోజూ తడపండి, చింత వారం పది రోజుల్లో తల ఎత్తుతుంది.

ప్రశ్న: మా ఇంటి చూరు కింద మెత్తటి దుమ్ములో గరాటు లాంటి చిన్న చిన్న గుంతలున్నాయి. మా ఐదేళ్ల బాబు గంటలు గంటలు అక్కడే కూర్చుంటాడు. అదేం పురుగు? ప్రమాదమా? – పరకాల

జవాబు: ప్రమాదం లేదు, కూర్చోనివ్వండి. అది చీమల్ని పట్టి తినే పిల్లపురుగు. పెరిగాక తూనీగలాంటి రెక్కల పురుగవుతుంది. పొడి ఇసుక ఏటవాలుగా ఎంతవరకు నిలవగలదో అంతవరకే తవ్వి, అడుగున కొండి దవడలు తెరిచి దాక్కుంటుంది. చీమ అంచున కాలు పెట్టగానే ఇసుక జారుతుంది. చీమ పైకెక్కబోతే పురుగు తలతో ఇసుక ఎగజిమ్ముతుంది.

చెంచాతో గుంత అడుగు నుంచి ఒకేసారి ఎత్తి, కాగితం మీద మెల్లగా జల్లిస్తే పురుగు దొరుకుతుంది. అది వెనక్కే నడుస్తుంది, పిల్లలు దాన్ని చూసి వదలరు. జల్లించిన పొడి ఇసుక ఐదు సెం.మీ. లోతున పోసిన గిన్నెలో వదలండి. కదల్చకుండా ఉంచితే అదే రోజు, ఎక్కువసార్లు ఓ గంటలో, కొత్త గుంత వేస్తుంది. గుంత వేయడం లేదంటే ఇసుక తడిగానో, మరీ ముతకగానో ఉన్నట్టు. సాయంత్రానికి తీసిన చోటే వదిలేయాలి.

ప్రశ్న: పిట్టలకు నీళ్లు పెట్టి లెక్కించే పని ఇద్దామనుకుంటున్నాం. ఏం జాగ్రత్తలు? – ములుగు

జవాబు: 30 సెం.మీ. వెడల్పు మట్టి మూకుడు, లోతు ఐదు సెం.మీ. మించకుండా, నడుమ ఒక గరుకు రాయి. ప్లాస్టిక్, స్టీలు గిన్నెల్లో కాళ్లు జారుతాయి, నీళ్లు సెగలెక్కుతాయి. చెట్టు నీడలో, చుట్టూ రెండు మీటర్లు ఖాళీగా ఉండాలి, లేకపోతే పొద మాటున పిల్లి కాచుకుంటుంది. రోజూ నీళ్లు పారబోసి పీచుతో అంచులు రుద్దండి. డెంగీ దోమ గుడ్లు నీటిమట్టానికి కాస్త పైన గోడకు అంటుకుంటాయి, వట్టిగా పారబోస్తే పోవు.

లెక్కింపు రోజూ ఒకే చోట, 6:15 నుంచి 6:30 దాకా. ఒక్కో జాతి ఒకేసారి ఎన్ని కనబడ్డాయో అదే రాయాలి. వచ్చిన ప్రతిసారీ కలుపుకుంటూ పోతే ఒకే గోరింక పది గోరింకలవుతుంది. పేరు తెలియని పిట్టకు పేరు కట్టొద్దు, ముక్కు, తోక, రంగు బొమ్మ వేసుకోమనండి. రెండుచోట్ల అందరూ పొరబడతారు. కోకిలలో మగది నలుపు, ఆడది గోధుమరంగు మీద తెల్లచుక్కలు, పిల్లలు రెండు జాతులుగా రాస్తారు. మన రాష్ట్రపక్షి పాలపిట్ట కరెంటు తీగ మీద కూర్చుంటే మట్టిరంగులో ఉంటుంది, రెక్క విప్పితేనే నీలం. ఎగిరేదాకా ఆగమనండి.

ప్రశ్న: ఆఖరి రోజు పాకాల చెరువుకు తీసుకెళ్తే బాగుంటుందా? – నర్సంపేట

జవాబు: మీరు దగ్గరే కాబట్టి అడిగారు. అయినా మేలో వద్దంటాం. కాకతీయ గణపతిదేవుడి కాలం నాటి ఆ చెరువును, చుట్టూ ఉన్న అభయారణ్యాన్ని చూడాల్సింది నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా, వలస పక్షులున్నప్పుడు, అటవీశాఖ అనుమతితో. మేలో ప్రయాణానికే చల్లటి పొద్దంతా పోతుంది.

మీ ఊరి చెరువు చాలు. నీళ్లు తగ్గి ఒడ్డు బయటపడే కాలమిది. కానీ పూడిక తీసిన చోట్ల గుంతలు నిటారుగా దిగుతాయి, పైన నీళ్లు పల్చగానే కనబడతాయి. నీటి అంచుకు ఐదు మీటర్ల ఇవతల ముగ్గుపిండితో గీత గీసి, గీతకు నీళ్లకు నడుమ ఇద్దరు ఈత వచ్చిన పెద్దవాళ్లు నిలబడాలి. గీత దాటితే ఆ రోజు పని ఆపేయాలి, ఎవరినీ బతిమాలొద్దు.

గీత ఇవతల ఆరుతున్న బురదలో అడుగుజాడలు వెతకండి. కుక్క అడుగులో గోళ్లు పడతాయి, పిల్లి గోళ్లు లోపలికి ముడుచుకుంటుంది కాబట్టి పడవు. కొంగకు ముందు మూడు, వెనక ఒక పొడవాటి వేలు. మంచి జాడ చుట్టూ మూడు సెం.మీ. ఎత్తు అట్టముక్క వలయం గుచ్చి ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్ పోయండి: ఒక కప్పు నీళ్లలో రెండు కప్పుల పొడి. పొడి మీద నీళ్లు పోస్తే గడ్డలు కడుతుంది. అర నిమిషం కలిపి వెంటనే పోయాలి, లేటైతే గిన్నెలోనే బిగుసుకుంటుంది. అరగంట ఆగి ఎత్తండి. బిగిసేటప్పుడు బాగా వేడెక్కుతుంది, పిల్లలు చేతులు ముంచి అచ్చు తీయబోతే కాలుతుంది. ఆ పని అసలే వద్దు.

తీతువు మీ తల మీద తిరుగుతూ అరుస్తుంటే అక్కడే ఆగి వచ్చిన దారినే వెనక్కి వెళ్లండి. అది వట్టి నేల మీదే, రాళ్లలో కలిసిపోయే గుడ్లు పెడుతుంది. గుడ్లు, గూళ్లు తీయడం 1972 వన్యప్రాణి రక్షణ చట్టం ప్రకారం నేరమని కూడా పిల్లలకు చెప్పండి.

ప్రశ్న: పాము భయంతో మా ఇంటివాళ్లు పంపనంటున్నారు. – భూపాలపల్లి

జవాబు: పాదాలు మూసే బూట్లు, ముందు నడిచేవాళ్ల చేతిలో నేల తట్టే కర్ర, రాళ్ల సందుల్లో, పుట్టల్లో, పొదల్లో చెయ్యి పెట్టకపోవడం. ఇవి పాటిస్తే ప్రమాదం చాలా తగ్గుతుంది. కాటు పడితే కోయడం, పీల్చడం, తాడు బిగించడం వద్దు. పిల్లను నడిపించకుండా, కరిచిన కాలు కదలకుండా పట్టుకొని విషానికి విరుగుడు సూది ఉన్న ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లాలి. ఆ ఆసుపత్రి ఏదో శిబిరం మొదలయ్యే ముందే కనుక్కొని, నంబరు ప్రతి జట్టు పెద్ద దగ్గర రాసి ఉంచండి.

ప్రశ్న: పిల్లలు దొరికిన కాయల్లా నోట్లో పెట్టుకుంటారు. అడవి పండ్లు రుచి చూపించవచ్చా? – ఒక తల్లి, మంచిర్యాల

జవాబు: తునికి, మొర్రి, పాలపండ్లు, ఈతపండ్లు ఈ కాలానివే, పిల్లలు రుచి చూడాలి. కానీ చెట్టు దగ్గర కాదు. పెద్దవాళ్లు అంగడిలో కొని, కడిగి, ఆకులో పెట్టి ఇవ్వాలి. 'చెట్టు మీదిది చూడ్డానికి, ఆకులోది తినడానికి' అని గీత స్పష్టంగా ఉంటేనే చిన్నపిల్లలు పాటిస్తారు. తెలిసిన పండే కదా అని ఒక్కరోజు సడలిస్తే మర్నాడు అడవి ఆముదం కాయ కొరుకుతారు. దాని గింజ తియ్యగా ఉంటుంది, అందుకే పిల్లలు ఆగకుండా తిని వాంతులు, విరేచనాలతో పడిపోతారు. గురివింద, ఆముదం, ఉమ్మెత్త, గన్నేరు మొదటి రోజే చూపించి గుర్తుపట్టించండి. గురివింద గింజలతో దండలు గుచ్చే పని శిబిరంలో పెట్టొద్దు. పెంకు గట్టిగా ఉన్నంతసేపు ఫర్వాలేదు గానీ, సూదితో పొడిచిన గింజ నోట్లోకి పోతే ప్రాణం మీదికి వస్తుంది. జిల్లేడు పాలు కంట్లో పడితే వెంటనే పావుగంట ధారగా నీళ్లతో కడిగి కంటి డాక్టరు దగ్గరికి పంపండి. ఏదైనా తిన్నారని అనుమానం వస్తే వాంతి చేయించకండి, ఆ కాయో ఆకో ఒకటి కవర్‌లో వేసి పిల్లతోపాటే ఆసుపత్రికి పట్టుకెళ్లండి.